64 బైట్ల పహాణీ

ఈ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు, హాస్టల్ జ్ఞాపకాలు రాయనా, పై చదువుల గురించి రాయనా అని అడిగాను. "అవన్నీ ఎందుకన్నా, నువ్వు హార్డ్‌డిస్క్ పోగొట్టిన కథ రాయి. అది అందరికీ కావాలి" అన్నారు. నవ్వొచ్చింది, కొంచెం సిగ్గు కూడా వేసింది. ఇన్నేళ్ల తర్వాత కూడా మన హాస్టల్లో నా పేరు ఆ సంఘటనతోనే ముడిపడి ఉందన్నమాట! సరే, జరిగింది జరిగినట్టు రాస్తాను. ఒకే హార్డ్‌డిస్క్‌ను రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు రెండు రకాలుగా చదివితే ఏమవుతుందో ఇందులో ఉంటుంది. కంప్యూటర్ సబ్జెక్టు లేని తమ్ముళ్లకు కూడా అర్థమయ్యేలా రాయడానికి ప్రయత్నిస్తాను.

ఇప్పుడే రాయడానికి ఇంకో కారణం ఉంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 పట్టని పాత కంప్యూటర్లు ఆఫీసుల్లో, ఇళ్లల్లో మూలకు చేరతాయి. అలాంటివాటిలో కొన్ని మనలాంటి హాస్టళ్లకు వస్తాయి. వాటిలో లైనక్స్ వేసుకుందామని మీలో ఎవరికో ఒకరికి తప్పకుండా అనిపిస్తుంది. వేసుకోండి. కానీ వేసే ముందు ఇది చదవండి.

2022 డిసెంబర్. నేను డిగ్రీ చివరి సంవత్సరం. మన కంప్యూటర్ రూమ్ సంగతి పాతవాళ్లకు తెలుసు. మెట్ల పక్కన చిన్న గది, ఒక కిటికీ, ఒకే ఒక్క డెస్క్‌టాప్. ఎప్పుడో ఒక సీనియర్ అన్న ఉద్యోగం వచ్చాక ఇచ్చి వెళ్లినది. 160 జీబీ హార్డ్‌డిస్క్, అందులో విండోస్ ఎక్స్‌పీ. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్‌లోనే ఆగిపోయింది. అయినా మనం దాన్ని వదల్లేదు. కారణం ఈ సంచికే. మన సంచిక పేజీలన్నీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో కంపోజ్ చేసినవి. ఆ ఫాంట్లు లేని కొత్త కంప్యూటర్‌లో ఆ ఫైళ్లు తెరిస్తే తెలుగు అక్షరాల స్థానంలో ఏవో పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. కాబట్టి సంవత్సరమంతా దుమ్ము పట్టి ఉన్నా, వార్షికోత్సవం నెలలో మాత్రం ఆ డబ్బాకు పెళ్లికొడుకు మర్యాద జరిగేది.

ఆ సంవత్సరం కంపోజింగ్ బాధ్యత నాది. 27 రచనలు వచ్చాయి. రాత్రి భోజనాలయ్యాక కూర్చుని టైపు చేసేవాణ్ణి. ఇంటర్ మొదటి సంవత్సరం తమ్ముడొకడు వాళ్ల అమ్మ మీద కవిత రాశాడు. వాడి జీవితంలో అదే మొదటి కవిత. నోట్‌బుక్ కాగితం చింపి ఇచ్చాడు. టైపు చేసి, వాడికి స్క్రీన్ మీద చూపించి, ఆ కాగితం మిగతావాటితో కలిపి పారేశాను. అన్నీ కంప్యూటర్‌లో భద్రంగా ఉన్నాయి కదా అనుకున్నాను.

అదే సమయంలో నాకు లైనక్స్ పిచ్చి పట్టింది. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ వాళ్లు డెబియన్ ఆధారంగా తెలుగు మెనూలతో చేసిన లైనక్స్‌ను ఒక కాలేజీలో చూశాను. కంప్యూటర్ తెరిస్తే 'ఫైల్' కాదు, 'దస్త్రం' అని కనిపించింది! మన కంప్యూటర్‌లో కూడా ఎక్స్‌పీ పక్కన లైనక్స్ వేస్తే జూనియర్లు సీ, పైథాన్ నేర్చుకోవచ్చు కదా అనిపించింది. ఆలోచన మంచిదే. చేసిన పద్ధతి తప్పు.

నా క్లాస్‌మేట్ ఒకడు తన కొత్త లాప్‌టాప్‌లో లైనక్స్ వేసుకున్నాడు. ఏమేం కమాండ్లు కొట్టాడో నోట్స్‌లో రాసుకున్నాడు. నేను అది చూసి కాపీ చేసుకున్నాను. పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్‌ను లైనక్స్‌లోకి బూట్ చేశాను. నోట్స్‌లో మూడో లైను, డిస్క్ మీద 'జీపీటీ' అనే కొత్త రకం పార్టిషన్ టేబుల్ తయారు చేయమనే ఆజ్ఞ. కొట్టాను. పాత లేబుల్ పోతుంది, డిస్క్‌లో ఉన్న డేటా అంతా పోతుంది, కొనసాగించాలా అని ఇంగ్లిష్‌లో అడిగింది. ఇలాంటి హెచ్చరికలు ప్రతిదానికీ వస్తూనే ఉంటాయిలే అనుకుని అవునన్నాను. కొత్త రకం కదా, పాతదానికంటే మంచిదే అయి ఉంటుంది అన్నది నా తెలివి. ఒక్క సెకను కూడా పట్టలేదు.

తర్వాతి లైను కొట్టబోయే ముందు ఉన్న పార్టిషన్లు ఎన్నో చూద్దామని అడిగాను. ఒక్కటీ లేదు. సీ డ్రైవ్ లేదు, డీ డ్రైవ్ లేదు. 160 జీబీ మొత్తం ఖాళీ స్థలమని చూపించింది. చేతులు చల్లబడ్డాయి. పెన్‌డ్రైవ్ తీసేసి మళ్లీ ఆన్ చేశాను. నల్లటి తెర మీద, బూట్ చేయడానికి డిస్క్ ఏదీ లేదని ఒక లైను. అంతే.

తలుపు దగ్గర ఆ కవిత తమ్ముడు నిలబడి ఉన్నాడు. "అన్నా, నా పేజీలో ఒక లైను మార్చాలి" అన్నాడు. "సిస్టమ్ స్టక్ అయింది, రేపు రా" అని అబద్ధం చెప్పాను. వార్షికోత్సవం ఇంకా తొమ్మిది రోజులు.

ఇక్కడ కథ ఆపి అసలు విషయం చెప్పాలి. ఏం జరిగిందో అప్పుడు నాకు తెలియదు, తర్వాత నేర్చుకున్నాను.

హార్డ్‌డిస్క్ అంటే 512 బైట్ల చిన్న చిన్న గళ్ల వరుస. ఒక్కో గడిని సెక్టార్ అంటారు. మన 160 జీబీ డిస్క్‌లో దాదాపు 31 కోట్ల సెక్టార్లు. వాటన్నిటికంటే ముందున్న మొట్టమొదటి సెక్టార్‌ను మాస్టర్ బూట్ రికార్డ్, పొట్టిగా ఎంబీఆర్ అంటారు. దాని 512 బైట్లలో మొదటి 446 బైట్లు కంప్యూటర్‌ను లేపే చిన్న ప్రోగ్రామ్‌కు. చివరి 2 బైట్లు 'ఇది సరైన రికార్డే' అని చెప్పే ముద్ర. మధ్యలో మిగిలిన 64 బైట్లే పార్టిషన్ టేబుల్. ఒక్కో పార్టిషన్‌కు 16 బైట్ల చొప్పున నాలుగు వరుసలు. ఎక్కడ మొదలవుతుంది, ఎన్ని సెక్టార్లు ఉంది, ఏ రకం, దీని నుంచి బూట్ కావాలా అన్న వివరాలు ఆ 16 బైట్లలోనే ఉంటాయి. నాలుగు చాలకపోతే ఒక వరుసను 'ఎక్స్‌టెండెడ్' అని రాసి, దాని లోపల మళ్లీ ముక్కలు చేసుకుంటారు. మన డీ డ్రైవ్ అలాంటిదే.

మన తెలంగాణ పల్లెల్లో పెరిగినవాళ్లకు ఇది కొత్త కాదు. ఇది పహాణీ. సర్వే నంబరు, విస్తీర్ణం, తరి పొలమా ఖుష్కి చెలకా అని పహాణీలో రాసి ఉన్నట్టే, డిస్క్‌లో ఏ భూమి ఎవరిదో ఈ 64 బైట్లలో రాసి ఉంటుంది. వరి మాత్రం పహాణీ కాగితంలో పండదు. ఫైళ్లు పార్టిషన్ టేబుల్‌లో ఉండవు.

ఈ పద్ధతి ఐబీఎం పీసీ ఎక్స్‌టీతో పాటు 1983లో వచ్చిన పీసీ డాస్ 2.0 కాలం నాటిది. అప్పుడు ఆ యంత్రంలో హార్డ్‌డిస్క్ 10 మెగాబైట్లు. ఒకే డిస్క్‌ను పలు ఆపరేటింగ్ సిస్టమ్‌లు పంచుకోవడానికి ఈ పట్టిక ఏర్పడింది. సెక్టార్ సంఖ్యకు అందులో 4 బైట్లే కేటాయించారు. అందుకే 512 బైట్ల సెక్టార్లతో ఈ పట్టిక దాదాపు 2.2 టెరాబైట్లు దాటి లెక్కపెట్టలేదు. డిస్క్‌లు అంతకంటే పెద్దవయ్యే రోజు వస్తుందని ఇంటెల్ తన కొత్త బూట్ పద్ధతితో పాటు జీపీటీ అనే కొత్త పట్టికను తెచ్చింది. ఇందులో సాధారణంగా 128 వరుసలు, ఒక్కొక్కటి 128 బైట్లు. ఒక ప్రతి డిస్క్ మొదట్లో, ఇంకో ప్రతి చివరలో. తప్పు దొర్లితే పట్టుకోవడానికి సరిచూసే సంఖ్య కూడా ఉంటుంది. నిజంగానే పాతదానికంటే మంచి పహాణీ.

మరి నా తప్పేమిటి? ఒకటి, పాత పహాణీ నకలు తీసుకోకుండా కొత్తది రాయడం. ఆ నాలుగు వరుసలు తుడిచిపెట్టుకుపోయాయి. రెండోది ఇంకా పెద్దది. మన 32 బిట్ల ఎక్స్‌పీకి జీపీటీ చదవడం రాదు. అంటే నేను పార్టిషన్లన్నీ జాగ్రత్తగా జీపీటీలోకి ఎక్కించినా సరే, ఆ డిస్క్ నుంచి ఎక్స్‌పీ లేచేది కాదు. క్లాస్‌మేట్ లాప్‌టాప్‌కు సరైన ఆజ్ఞ మన డెస్క్‌టాప్‌కు శాపమైంది. పట్టిక మంచిదైతే సరిపోదు. దాన్ని చదవాల్సినవాడికి ఆ లిపి రావాలి.

జీపీటీ చేసినవాళ్లు మాత్రం ఈ ఇబ్బంది ముందే ఊహించారు. కొత్త పట్టిక ఉన్న డిస్క్‌ను పాత సిస్టమ్ చూస్తే ఏమనుకుంటుంది? రికార్డు ఏమీ లేదు కాబట్టి ఖాళీ భూమి అనుకుని దున్నేస్తుంది. అందుకని వాళ్లు మొదటి సెక్టార్‌లో పాత పద్ధతిలోనే ఒక వరుస రాసి పెడతారు. రకం 'ఈఈ', విస్తీర్ణం డిస్క్ మొత్తం, లేదా ఆ పాత పట్టిక లెక్కపెట్టగలిగినంత. దాని అర్థం, "ఇక్కడ ఎవరో ఉన్నారు, నీకు తెలియదు, ముట్టుకోవద్దు." దీన్ని రక్షణ ఎంబీఆర్ అంటారు. ఎక్స్‌పీ దాన్ని చూసి లోపలికి పోలేదు గానీ పాడు కూడా చేయదు. చదవడం రాని పెద్దమనిషికి కూడా అర్థమయ్యేలా పొలం గట్టున రాయి పాతడం లాంటిది. ఇంజనీర్లలో ఇంత మర్యాద ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

ఇక కథకు వద్దాం.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. డేటా పోయిందన్న బాధ ఒకటైతే, దానికంటే పెద్ద భయం ఇంకోటి. అంతకు ముందు ఏడాది హాస్టల్ చూడటానికి వచ్చిన ఒకాయన మా ముందే అన్నారు, "వీళ్లకెందుకండీ కంప్యూటర్లు, నాలుగు రోజుల్లో పాడుచేసి మూలన పడేస్తారు" అని. వార్డెన్ సార్ అప్పుడు ఆయనతో వాదించారు. ఇప్పుడు ఆయన మాటే నిజం చేసినవాణ్ణి నేనే. ఒక్కడు పాడుచేస్తే ఆ గదికి తాళం పడుతుంది. తర్వాత వచ్చే తమ్ముళ్లందరికీ ఆ తాళమే కనిపిస్తుంది.

అర్ధరాత్రి దాటాక నాన్నకు ఫోన్ చేశాను. నాన్న ఎందుకన్నది నాకూ తెలియదు. ఆయన చదువుకోలేదు. మౌస్ ఎట్లా ఉంటుందో కూడా చూడలేదు. కానీ చిన్నప్పుడు మా ఊళ్లో సర్వేయర్ వస్తే కూలికి గొలుసు పట్టేవాడు. హద్దురాళ్ల సంగతి ఆయనకు బాగా తెలుసు. అందుకని ఆయన భాషలోనే చెప్పాను. "నాన్నా, పొలాల హద్దురాళ్లన్నీ పీకేసిన. కాయితం గూడ చింపేసిన. ఇప్పుడు చూస్తే అంత ఖాళీ జాగ అని చూపెడుతుంది."

నాన్న కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకే ప్రశ్న అడిగాడు. "దున్నినవా?"

"లేదు. ఇంకేం చెయ్యలే."

"మరి ఏడుస్తవేంది బిడ్డా? రాయి పీకితే చెలక ఎటు పోతది? పాత గట్ల ఆనవాలు ఉంటది, చూసి మల్ల రాయి ఏసుకోవచ్చు. ఎవడన్న నాగలి కడితేనే అయిపాయె. నువ్వు దున్నకు, ఇంకొకన్ని దున్ననియ్యకు. తెలిసినోణ్ని పిలువు."

తమ్ముళ్లూ, ఆ తర్వాత నేను ఎంసీఏలో డేటా రికవరీ గురించి చదివాను. నాన్న చెప్పినదానికంటే సరైన మాట ఏ పుస్తకంలోనూ కనిపించలేదు. పార్టిషన్ టేబుల్ పోయినప్పుడు డేటా ఎక్కడికీ పోదు. ఆ డిస్క్ మీద కొత్తగా ఏదైనా రాస్తేనే పోతుంది. నేను నోట్స్‌లో నాలుగో లైను, ఐదో లైను కూడా కొట్టి లైనక్స్ ఎక్కించి ఉంటే, ఆ కవిత మీద నాగలి నడిచి ఉండేది.

పొద్దున్నే వార్డెన్ సార్ దగ్గరికి వెళ్లి తప్పు నాదేనని చెప్పాను. సార్ ఏమీ అనకుండా లేచి కంప్యూటర్ రూమ్‌కు తాళం వేశారు. అయిపోయింది అనుకున్నాను. ఆ తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టారు. "బాగయ్యేదాకా ఇది నీ దగ్గరే ఉండాలి. నేను అడిగినా తెరవద్దు" అన్నారు. తిట్టి ఉంటే మర్చిపోయేవాణ్ణేమో. ఆ తాళంచెవి బరువు ఇప్పటికీ గుర్తుంది.

మన హాస్టల్లో చదివి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్లు బాగుచేసే అన్న ఒకాయన ఉన్నాడు. సెలవు దొరికేది ఆదివారమే. ఆదివారం పొద్దున్నే ఒక బయటి హార్డ్‌డిస్క్, ఒక పెన్‌డ్రైవ్ పట్టుకుని అల్వాల్ వచ్చాడు. వస్తూనే అడిగింది మళ్లీ అదే ప్రశ్న, "తర్వాత ఏమైనా రాశావా?" లేదన్నాను. "అయితే సగం పని నువ్వే చేశావు" అన్నాడు.

ముందు మన డిస్క్ మొత్తాన్ని సెక్టార్ సెక్టార్‌గా తన డిస్క్‌లోకి నకలు తీశాడు. రెండు గంటలకు పైగా పట్టింది. "ఏ వైద్యమైనా నకలు తీశాకే" అన్నది అన్న నేర్పిన మొదటి పాఠం. తర్వాత టెస్ట్‌డిస్క్ అనే ప్రోగ్రామ్ తెరిచాడు. ఫ్రాన్స్‌కు చెందిన క్రిస్టోఫ్ గ్రెనియే రాసినది, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. అది మొదట్లోనే టేబుల్ ఏ రకమని అడిగింది. డిస్క్ మీద ఉన్నది చూసి జీపీటీ అని అదే సూచించింది. అన్న ఆగి నా వైపు తిరిగాడు. "చూడు, ఇది ఇప్పుడున్న కాగితాన్ని నమ్ముతోంది. మనకు కావాల్సింది పాత కాగితం" అని 'ఇంటెల్' ఎంచుకున్నాడు. ఆ ప్రోగ్రామ్‌లో పాత ఎంబీఆర్ పద్ధతికి పేరు అదే.

పార్టిషన్ టేబుల్ లేకపోయినా, ప్రతి పార్టిషన్ మొదట్లో ఆ ఫైల్ సిస్టమ్ తన గుర్తు తాను రాసుకుంటుంది. తన పరిమాణం ఎంతో కూడా రాసుకుంటుంది. నాన్న చెప్పిన గట్ల ఆనవాలు అదే. టెస్ట్‌డిస్క్ డిస్క్ వెంట నడుస్తూ ఆ ఆనవాళ్ల కోసం వెతికింది. కొన్ని నిమిషాలకు ఆకుపచ్చ రంగులో రెండు వరుసలు వచ్చాయి. మొదటిది 63వ సెక్టార్ దగ్గర మొదలు. రెండోది డీ డ్రైవ్.

ఆ 63 చూసి అన్న నవ్వాడు. "ఇదే నిన్ను కాపాడింది" అన్నాడు. డాస్ కాలం నుంచి ఎక్స్‌పీ దాకా ఒక అలవాటు ఉండేది. డిస్క్‌లో ఒక చుట్టుకు 63 సెక్టార్లని లెక్క. మొదటి చుట్టులో ఎంబీఆర్ పెట్టి మిగతాది వదిలేసి, రెండో చుట్టు నుంచి, అంటే సున్నా నుంచి లెక్కపెడితే 63వ సెక్టార్ నుంచి మొదటి పార్టిషన్ మొదలుపెట్టేవాళ్లు. నేను రాసిన జీపీటీకి పట్టింది మొదటి 34 సెక్టార్లే. అది ఆ వదిలేసిన బీడులోనే కూర్చుంది. చివరి ప్రతి కూడా డిస్క్ చివర ఎక్స్‌పీ వాడకుండా వదిలిన కొంచెం జాగాలో పడింది. ఒక్క ఫైల్‌ను కూడా తాకలేదు. ఎవరో ఎప్పుడో వదిలిన బీడు నా తప్పును మోసింది.

రాసే ముందు అన్న డీ డ్రైవ్‌లోని ఫైళ్ల జాబితా తెరిచి చూపించాడు. సంచిక ఫోల్డర్ కనిపించింది. 27 ఫైళ్లూ ఉన్నాయి. అప్పుడు మొదటి పార్టిషన్‌ను బూట్ అయ్యేదిగా, రెండోదాన్ని ఎక్స్‌టెండెడ్ లోపలిదిగా గుర్తుపెట్టి, ఎంబీఆర్ రాయించాడు. తర్వాత ఇంకో పని కూడా చేశాడు. మొదట్లో, చివర్లో మిగిలిపోయిన జీపీటీ అవశేషాలను తుడిచేశాడు. ఒకే భూమికి రెండు పహాణీలు ఉంటే, ఒక సిస్టమ్ ఒకటి నమ్ముతుంది, ఇంకో పనిముట్టు ఇంకోటి నమ్ముతుంది, గొడవ అక్కడే మొదలవుతుందన్నాడు. పెన్‌డ్రైవ్ తీసి ఆన్ చేశాం. ఎక్స్‌పీ పచ్చిక కొండ, నీలాకాశం తెర మీదికి వచ్చాయి. ఆ బొమ్మ అంత అందంగా ఉంటుందని అంతకు ముందు ఎప్పుడూ అనిపించలేదు.

తాళంచెవి సార్‌కు ఇచ్చేశాను. కవిత తమ్ముణ్ణి పిలిచి మార్చాల్సిన లైను మార్చాను. వాడికి అబద్ధం చెప్పిన సంగతి కూడా అప్పుడే చెప్పాను. "నాకు తెలుసన్నా, నీ ముఖం చూస్తే తెలిసిపోయింది" అన్నాడు.

ఇలాంటి పొరపాటు మనలాంటి కుర్రవాళ్లే చేస్తారనుకోకండి. 2004 మే నెలలో ఫెడోరా కోర్ 2 అనే లైనక్స్ వచ్చింది. దాన్ని విండోస్ ఎక్స్‌పీ పక్కన వేసుకున్న కొందరి కంప్యూటర్లలో ఎక్స్‌పీ లేవడం మానేసింది. డేటా అంతా అలాగే ఉంది. డిస్క్‌కు తలలు 255 అని విండోస్ లెక్క. కొత్త లైనక్స్ కెర్నెల్ చెప్పిన కొలతను నమ్మి ఇన్‌స్టాలర్ 16 తలల లెక్కతో టేబుల్ రాసింది. లైనక్స్ ఆ అంకెలను పట్టించుకోదు కాబట్టి దానికి ఇబ్బంది లేదు. ఎక్స్‌పీ మాత్రం బూట్ అయ్యేటప్పుడు వాటినే చూసేది. 255 లెక్కతో టేబుల్ మళ్లీ రాస్తే ఎక్స్‌పీ లేచి కూర్చుంది. ఒకే పహాణీ, ఒకరు ఎకరాల్లో చదివారు, ఇంకొకరు గుంటల్లో చదివారు.

పేర్ల తికమక కూడా ఉంది. టేబుల్‌లో పార్టిషన్ రకానికి ఒకే ఒక్క బైటు. ఎవరి సంఖ్య వాళ్లు ఎంచుకుంటూ పోయారు. లైనక్స్ స్వాప్‌కు 82. ఇంటెల్ కంప్యూటర్ల సోలారిస్‌కు కూడా అదే 82. రెండూ ఒకే డిస్క్ మీద ఉంటే ఎవరు ఎవరో తెలియని పరిస్థితి. సోలారిస్ తర్వాత వేరే సంఖ్యకు మారింది. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్న ఇద్దరు విద్యార్థులుంటే మన హాస్టల్లో స్కాలర్‌షిప్ ఎవరికి పడిందో తెలియని గొడవ గుర్తు చేసుకోండి. విండోస్‌లో విండోస్‌కు కూడా పడలేదు. 2007లో విస్టా వచ్చి 63 సెక్టార్ల అలవాటు మాని, 1 మెగాబైటు లెక్కన పార్టిషన్లు మొదలుపెట్టింది. విస్టాలో చేసిన ఎక్స్‌టెండెడ్ పార్టిషన్‌ను తీసుకెళ్లి ఎక్స్‌పీలో మార్పులు చేస్తే లోపలి డ్రైవ్‌లు మాయమయ్యే ప్రమాదం ఉండేది.

వీటన్నిటిలోనూ నాకు ఒకటే కనిపిస్తుంది. చదవడం రాని సిస్టమ్ చూసి ఊరుకున్నంతసేపు ఏ నష్టమూ లేదు. రాయడానికి పూనుకున్నప్పుడే నష్టం. లైనక్స్ పార్టిషన్ ఉన్న డిస్క్‌ను విండోస్‌కు పెడితే, "దీన్ని వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?" అని మర్యాదగానే అడుగుతుంది. దాని అసలు అర్థం, "నాకు ఈ భాష రాదు" అని. ఖాళీగా కనిపించేదంతా ఖాళీ కాదు. 2007లో అల్వాల్ మున్సిపాలిటీ జీహెచ్‌ఎంసీలో కలిసినప్పుడు బోర్డుల మీద పేర్లు మారాయి. ఇళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, మనుషులు అవే వీధుల్లో నడిచారు. కాగితం మారినప్పుడు కింద మనుషులు ఉన్నారని గుర్తుంచుకోవాలి.

కాబట్టి తమ్ముళ్లకు నా నాలుగు మాటలు:

1. ఏ కంప్యూటర్‌లోనైనా కొత్త సిస్టమ్ వేసే ముందు అందులోని టేబుల్ ఎంబీఆరా, జీపీటీయా చూడండి. కంప్యూటర్ పాత బయోస్‌తో లేస్తుందా, కొత్త యూఈఎఫ్ఐతో లేస్తుందా అన్నది కూడా చూడండి. జీపీటీ డిస్క్ నుంచి విండోస్ లేవాలంటే యూఈఎఫ్ఐ ఉండాలి.

2. రెండు సిస్టమ్‌లు పక్కపక్కన ఉండాలంటే, ఇద్దరికీ చదవడం వచ్చిన టేబుల్‌నే ఉంచండి. విండోస్ ఉన్న డిస్క్‌లో 'కొత్త పార్టిషన్ టేబుల్' అన్న మాట జోలికి పోకండి. ఉన్నదాంట్లోనే చోటు చేసుకోండి.

3. ముందు ఫైళ్లు ఇంకో చోట నకలు తీయండి. ఒక్క చోటే ఉన్నది లేనట్టే లెక్క. కాగితాలు కూడా పారేయకండి.

4. పొరపాటు జరిగితే చేయి తీసేయండి. తర్వాతి లైను కొట్టకండి. దాచిపెట్టకుండా తెలిసినవాళ్లకు చెప్పండి.

ఆ ఆదివారం సాయంత్రం అన్న వెళ్లే ముందు, ఒక పొడుగు నోట్‌బుక్ తెమ్మన్నాడు. మన డిస్క్‌లో ఏ పార్టిషన్ ఏ సెక్టార్‌లో మొదలవుతుందో, ఎన్ని సెక్టార్లుందో, ఏ రకమో పెన్నుతో రాశాడు. రెండు మూడు వరుసలు అంతే. అట్ట మీద నేను 'పహాణీ' అని రాశాను. ఆ నోట్‌బుక్ ఇప్పటికీ కంప్యూటర్ రూమ్‌లో మేకుకు వేలాడుతోందనీ, తర్వాత వచ్చిన రెండు కంప్యూటర్ల లెక్క కూడా తమ్ముళ్లు అందులో రాశారనీ విని చాలా సంతోషించాను. ఎక్స్‌పీ పక్కన లైనక్స్ కూడా నడుస్తోందట. ఈసారి టేబుల్ మార్చకుండా, డీ డ్రైవ్‌ను కొంచెం తగ్గించి వేశారట.

నాన్నకు ఆ నోట్‌బుక్ సంగతి చెబితే, "సర్వేయర్ గూడ గట్లనే పుస్తకంల రాసుకునేటోడు" అన్నాడు. గొలుసు పట్టిన కూలి ఆయన. ఆ పుస్తకం తెరిచే చదువు ఆయనకు దొరకలేదు. మనకు దొరికింది. రాసి పెడదాం, తర్వాత వచ్చేవాళ్లకు చదవడం వచ్చేలా రాసి పెడదాం.